కబడ్డీ కూతకు అడ్డు రాని మౌత్ గార్డ్ ఏది?

క్లుప్తంగా: ఆటల్లో పళ్లకు పెట్టుకునే గార్డులు మూడు రకాలు. కొన్నది కొన్నట్టు పెట్టుకునేవి, వేడినీళ్లలో మెత్తబరిచి కొరికి అచ్చు వేసుకునేవి, డెంటిస్ట్ దవడ కొలత తీసి చేయించేవి. మూడో రకం అన్నిటికన్నా మేలు. రెండోది జాగ్రత్తగా అచ్చు వేసుకుంటే చాలామందికి సరిపోతుంది. మొదటిది నోట్లో నిలవదు. ఏది కొన్నా ఆట అయ్యేదాకా నోట్లో ఉంటుందా, ఊపిరికీ మాటకూ అడ్డు పడకుండా ఉంటుందా అన్నది ముందు చూసుకోవాలి.

2022 డిసెంబరులో శ్రీలంకలో లంక ప్రీమియర్ లీగ్ క్రికెట్ మ్యాచ్ ఒకటి జరుగుతోంది. గాల్లోకి లేచిన బంతి కోసం శ్రీలంక ఆటగాడు చమిక కరుణరత్నె వెనక్కి పరుగెత్తాడు. బంతి నేరుగా మూతి మీద పడింది. క్యాచ్ మాత్రం వదల్లేదు. నాలుగు పళ్లు పోయాయి. బ్యాట్స్‌మన్‌కు ఇనప జాలీ ఉన్న హెల్మెట్ ఉంటుంది, కీపర్‌కు గ్లవ్స్ ఉంటాయి. బౌండరీ దగ్గర నిలబడే ఫీల్డర్ మూతికి అడ్డుగా ఏమీ ఉండదు.

పిల్లలను హాకీకో, బాక్సింగ్‌కో, కబడ్డీ కోచింగ్‌కో పంపే తల్లిదండ్రులకు ఇలాంటి వీడియో చూశాక మౌత్ గార్డ్ గుర్తొస్తుంది. ఆన్‌లైన్‌లో వెతికితే వందల్లో దొరికేదీ, వేలల్లో పలికేదీ పక్కపక్కనే కనిపిస్తాయి. చూడటానికి అన్నీ గుర్రపు లాడం ఆకారంలో ఉన్న రబ్బరు ముక్కల్లాగే ఉంటాయి. కొన్ని పళ్లను కాపాడతామంటాయి, కొన్ని దవడనూ కాపాడతామంటాయి, ఇంకొన్ని ఏకంగా మెదడునే కాపాడతామంటాయి. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

దెబ్బ ఎక్కడ పడుతుంది

ఆటల్లో ఎక్కువగా దెబ్బతినేవి పై దవడలోని ముందు రెండు పళ్లు. ముఖంలో ముక్కు తర్వాత ముందుకు ఉండేవి అవే. ఎత్తు పళ్లు ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. పై పళ్లు కింది పళ్లకన్నా 3 మిల్లీమీటర్లకు మించి ముందుకు ఉంటే, పళ్లకు గాయమయ్యే అవకాశం దాదాపు రెట్టింపని దంతవైద్య అధ్యయనాలు చెబుతున్నాయి. ఇంట్లో ఇద్దరు పిల్లలు ఒకే ఆట ఆడుతున్నా, ఎవరికి ముందు కొనాలన్నది ఒక్కోసారి వాళ్ల నవ్వు చూస్తేనే తెలిసిపోతుంది.

గార్డ్ చేసే పని అర్థం కావాలంటే క్రికెట్‌లో క్యాచ్ పట్టే తీరు గుర్తు చేసుకుంటే చాలు. వేగంగా వచ్చే బంతిని చేతులు బిగబట్టి అందుకుంటే అరచెయ్యి చుర్రుమంటుంది. చేతులు కాస్త వెనక్కి లాగుతూ పడితే ఆ వేగం కొంచెం ఎక్కువసేపట్లో తగ్గుతుంది, నొప్పి తెలియదు. గార్డ్‌లోని మెత్తని పదార్థం నొక్కుకుపోతూ పళ్లకు అదే వెసులుబాటు ఇస్తుంది. ఒక్క పన్ను మీద పడాల్సిన దెబ్బను పక్క పళ్లకూ పంచుతుంది. పెదవికీ పళ్లకూ మధ్య అడ్డుగా ఉంటుంది కాబట్టి సొంత పళ్లే పెదవిని లోపలి నుంచి చీల్చవు. గడ్డం కింద మోకాలు తగిలినప్పుడు కింది దవడ పైకి ఎగిరి పై పళ్లను ఢీకొడుతుంది. దవడ పళ్ల మొనలు విరిగేది అప్పుడే. రెండు వరసల మధ్య ఉన్న పొర ఆ దెబ్బను కొంత మింగేస్తుంది.

దీనివల్ల లాభం ఎంత? అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన 2007 నాటి ఒక సమీక్ష ప్రకారం, గార్డ్ పెట్టుకోని ఆటగాళ్లకు నోటి గాయాల ముప్పు 1.6 నుంచి 1.9 రెట్లు ఎక్కువ. గార్డ్ ఉంటే గాయమే కాదని దీనర్థం కాదు. అయినా కొన్ని మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ముక్కకు ఇది తక్కువ ఫలితమేమీ కాదు.

మందం పెరిగితే రక్షణ పెరుగుతుందా

కొంతవరకే. ఇప్పటి గార్డుల్లో ఎక్కువ భాగం ఈవీఏ అనే పదార్థంతో చేస్తారు. పూర్తి పేరు ఇథిలిన్ వినైల్ ఎసిటేట్. మెత్తని చెప్పుల అట్టల్లోనూ ఇదే జాతి పదార్థం వాడతారు. ప్రయోగశాలల్లో దీని మందం పెంచుతూ దెబ్బ కొట్టి చూస్తే, 4 మిల్లీమీటర్ల దాకా రక్షణ బాగా పెరుగుతుంది. అక్కడి నుంచి పెరిగేది స్వల్పం. నోట్లో ఇబ్బంది మాత్రం పెరుగుతూనే పోతుంది. అందుకే ముందు పళ్ల మీద, దవడ పళ్ల మధ్య సుమారు 3 మిల్లీమీటర్లు, నాలుక వైపు 2 మిల్లీమీటర్లు ఉండాలన్నది సాధారణంగా పాటించే కొలత.

ఇక్కడొక మెలిక ఉంది. ఆ మందం ఉండాల్సింది నోట్లో పెట్టుకున్న గార్డుకు. ప్యాకెట్ మీద రాసినదో, తయారీకి వాడిన షీట్‌దో చూసుకుంటే లెక్క తప్పుతుంది. 4 మిల్లీమీటర్ల షీట్‌ను వేడిచేసి దవడ అచ్చు మీద సాగదీస్తే ముందు పళ్ల అంచుల దగ్గర బాగా పల్చబడుతుంది. దోసె పిండిని గరిటెతో లాగితే అంచులు పల్చబడినట్టే. దెబ్బ పడేది కూడా సరిగ్గా ఆ అంచు మీదే. అందుకే మంచి ల్యాబుల్లో రెండు షీట్లను ఒకదాని మీద ఒకటి, గాలి ఒత్తిడితో అతికిస్తారు. డెంటిస్ట్ దగ్గర చేయించుకునేవాళ్లు ‘ఒక పొరా, రెండు పొరలా, తయారయ్యాక ముందు పళ్ల దగ్గర ఎంత మందం ఉంటుంది’ అని అడిగితే చాలు. ఆ జవాబును బట్టే ధర న్యాయమో కాదో తేలిపోతుంది.

మూడు రకాలు, ఒక వంటగది

కొన్నది కొన్నట్టు పెట్టుకునే గార్డ్ గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. అది ఎవరి నోటి కోసమూ చేసింది కాదు. జారిపోకుండా ఉండాలంటే పళ్లు బిగించి పట్టుకోవాలి. పళ్లు బిగిస్తే మాట రాదు, నోటితో ఊపిరి అందదు. ఆయాసం వచ్చిన క్షణంలో ఆటగాడు చేసే మొదటి పని దాన్ని తీసి జేబులో పెట్టుకోవడం.

వేడినీళ్ల రకాన్ని మార్కెట్‌లో బాయిల్ అండ్ బైట్ అంటారు. ఎక్కువమంది కొనేది ఇదే, ఎక్కువమంది పాడుచేసుకునేదీ ఇదే. పొయ్యి మీద నీళ్లు మరిగించి దించాలి. గార్డ్‌ను గరిటెతో అందులో ముంచి, ప్యాకెట్ మీద చెప్పినంతసేపే ఉంచాలి. సాధారణంగా అది అర నిమిషం నుంచి ఒక నిమిషం. ఎక్కువసేపు ఉంచితే ఆకారం కోల్పోయి ముద్దవుతుంది. బయటికి తీసి, చిగుళ్లు కాలకుండా ఒక్క క్షణం చల్లనీళ్లలో ముంచి, అద్దం ముందు నిలబడి మధ్య గీత రెండు ముందు పళ్ల మధ్యకు వచ్చేలా పై వరసకు తొడగాలి. తప్పు జరిగేది ఈ తర్వాతే. పేరులో ‘బైట్’ ఉంది కదా అని పిల్లలు గట్టిగా కొరికేస్తారు. మెత్తబడిన పదార్థం పళ్ల మధ్య నుంచి పక్కలకు జరిగిపోయి, దవడ పళ్ల దగ్గర కాగితంలా మిగులుతుంది. గడ్డం కింద దెబ్బ తగిలినప్పుడు ఆదుకోవాల్సిన పొర అదే.

మెల్లగా పళ్లు ఆనిస్తే చాలు. అచ్చు పడేది కొరుకుడుతో కాదు, పీల్చడంతోనూ నొక్కడంతోనూ. నోట్లోని గాలీ నీళ్లూ లోపలికి గట్టిగా పీలుస్తూ, నాలుకను అంగిలికి అదుముతూ, బయటి నుంచి పెదవుల మీదా బుగ్గల మీదా వేళ్లతో ఒత్తుతూ ఇరవై, ముప్పై సెకన్లు ఉంచాలి. తర్వాత తీసి చల్లనీళ్లలో వేయాలి. ఆరాక మళ్లీ పెట్టుకుని, నోరు బాగా తెరిచి, తల కిందికి వంచితే ఊడకూడదు. ఊడితే మళ్లీ మరిగించి ఇంకోసారి ప్రయత్నించవచ్చు, కొన్ని కంపెనీలు ఎన్నిసార్లు చేయవచ్చో కూడా చెబుతాయి. వెనక కొస గొంతు వైపు పొడుగ్గా ఉండి వాంతి వచ్చినట్టు అనిపిస్తే కత్తెరతో కొంచెం కత్తిరించుకోవచ్చు. పెద్ద దవడ పళ్లలో మొదటిదాన్నైనా అది కప్పేలా చూసుకోవాలి.

డెంటిస్ట్ చేయించే గార్డుకు ముందు దవడ అచ్చు తీస్తారు, లేదా నోటిని స్కాన్ చేస్తారు. ఆ అచ్చుతో చేసిన నమూనా మీద షీట్ సాగదీసి, పెదవికీ చిగురుకూ మధ్య ఉండే సన్నని తాడులాంటి చర్మం దగ్గర ఒరుసుకోకుండా అంచులు చెక్కుతారు. చివరికి నోట్లో పెట్టి, కింది పళ్లన్నీ ఒకేసారి సమానంగా ఆనుతున్నాయా అని చూస్తారు. ధరలో తేడా ఎక్కువగా వచ్చేది ఈ చివరి రెండు పనుల వల్లే. అవి చేయకుండా అచ్చు తీసి పంపేసి, వచ్చిందాన్ని చేతిలో పెట్టేస్తే వేలు పోసి కొన్నా వేడినీళ్ల రకానికన్నా పెద్ద తేడా ఉండదు. సాధారణంగా గార్డ్ పై వరసకే చేస్తారు. కింది దవడ ముందుకు ఉన్నవాళ్లకు కింది వరసకు చేయడం మేలు.

కబడ్డీ అడిగే ప్రశ్న

మౌత్ గార్డుల గురించి ఇంగ్లిష్‌లో ఉన్న సలహాలు ఎక్కువగా రగ్బీ, ఐస్ హాకీ, అమెరికన్ ఫుట్‌బాల్‌ను దృష్టిలో పెట్టుకున్నవి. ఆ ఆటల్లో మాట్లాడటం అవసరమే కానీ ఆటే మాట మీద నిలబడదు. కబడ్డీలో నిలబడుతుంది. కూతకు వెళ్లినవాడు అంపైర్‌కు వినిపించేలా ‘కబడ్డీ కబడ్డీ’ అంటూనే ఉండాలి. కూత ఆగిందని తేలితే రైడ్ పోతుంది, అవతలి జట్టుకు పాయింటు వెళ్తుంది. ప్రొ కబడ్డీలో ఒక రైడ్ 30 సెకన్లు. ఆ కాసేపట్లో మోచేతులు, మోకాళ్లు, తలలు మూతికి తగిలే అవకాశం బాక్సింగ్‌కు మరీ తీసిపోదు. బాక్సింగ్‌లోలాగా గార్డ్ తప్పనిసరన్న నియమం మాత్రం కబడ్డీలో లేదు.

ఆ ఒక్క మాట పలకడానికి నోరు చేసే పని చూస్తే గార్డ్ ఎలా ఉండాలో తెలుస్తుంది. ‘క’ పలికేటప్పుడు నాలుక వెనక భాగం అంగిలి వెనక తగులుతుంది. గార్డ్ కొస మరీ వెనక్కి వెళ్తే ఆ అక్షరం నలుగుతుంది. ‘బ’కు రెండు పెదవులూ కలవాలి. ముందు భాగం లావుగా ఉంటే పెదవులు కలవక ‘బ’ కాస్తా ‘వ’ అవుతుంది. ‘డ్డీ’ దగ్గర నాలుక కొన పైకి మడిచి, ముందు పళ్ల వెనక అంగిలికి తాకాలి. సరిగ్గా అక్కడే గార్డ్ లోపలి అంచు ఉంటుంది. అది మెట్టులా లావుగా ఉంటే నాలుక దానికే తగిలి ఆగిపోతుంది. తెలుగులో ట, డ, ణ, ళలు తరచుగా వస్తాయి కాబట్టి కబడ్డీ ఆడనివాళ్లకూ ఈ అంచు సంగతి పనికొస్తుంది.

కాబట్టి కబడ్డీకి నాలుక వైపు అంచు పల్చగా చెక్కి అంగిలిలో కలిసిపోయేలా ఉన్న గార్డ్ కావాలి. అది దాదాపు డెంటిస్ట్ చేయించేదే అవుతుంది. ఖర్చు భరించలేనివాళ్లు వేడినీళ్ల రకంలో సన్నగా ఉన్నదాన్ని ఎంచుకుని, నాలుకతో అంగిలి వైపు బాగా అదుముతూ అచ్చు వేసుకోవచ్చు. పరీక్ష సులువు. గార్డ్ పెట్టుకుని ముప్పై సెకన్లు కూత పెట్టాలి, పది అడుగుల దూరంలో నిలబడ్డ మనిషికి అది కబడ్డీలాగే వినిపించాలి. కొత్తలో లాలాజలం ఎక్కువగా ఊరుతుంది, మాట ముద్దగా వస్తుంది. కొన్ని రోజుల ప్రాక్టీసులో ఇది సర్దుకుంటుంది. మ్యాచ్ రోజున మొదటిసారి పెట్టుకున్నవాడు మాత్రం మొదటి రైడ్‌కే దాన్ని తీసి పారేస్తాడు.

మిగతా ఆటలు, వాటి నియమాలు

గార్డ్ పుట్టింది బాక్సింగ్‌లో. 1890లో లండన్ డెంటిస్ట్ వుల్ఫ్ క్రాస్ బాక్సర్ల పెదవులు చిట్లకుండా పళ్ల మీద గట్టాపర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో చేసిన పట్టీలు అమర్చాడు. రూట్ కెనాల్ చేసినప్పుడు పంటి లోపల నింపేది ఇవాళ్టికీ ఆ పదార్థమే. ఇప్పుడు నిజామాబాద్ నుంచి వచ్చిన బాక్సర్లు నిఖత్ జరీన్, హుసాముద్దీన్ అయినా, జిల్లా పోటీలకు వెళ్లే కుర్రాడైనా గమ్ షీల్డ్ అని పిలిచే ఈ గార్డ్ లేకుండా రింగులోకి అడుగుపెట్టడానికి వీల్లేదు. అమెచ్యూర్ బాక్సింగ్‌లో ఎర్ర రంగు పనికిరాదు, నోట్లో రక్తం వస్తే రిఫరీకి తెలియదు కాబట్టి. రంగు చూడకుండా ఆన్‌లైన్‌లో కొనేసి పోటీ రోజున టెన్షన్ పడటం కన్నా ముందే చూసుకోవడం మేలు.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఎదురయ్యే నియమం దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో 1962 నుంచి మౌత్ గార్డ్ తప్పనిసరి. తెల్లది, రంగు లేనిది ఒప్పుకోరు. దూరం నుంచి చూసే రిఫరీకి గార్డ్ ఉందో లేదో తెలియాలన్నది కారణం. లాక్రాస్ (వల కట్టిన కర్రతో బంతి ఆడే ఆట), ఫీల్డ్ హాకీలోనూ స్కూళ్లు దీన్ని తప్పనిసరి చేశాయి. ఇండియా నుంచి వెళ్లేటప్పుడు ఇక్కడే చేయించి తీసుకెళ్దామనుకునేవాళ్లు ముందు ఆ స్కూలు నియమం చదువుకోవాలి.

హాకీ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు, క్రికెట్ బంతిదీ దాదాపు అంతే. రెండూ గట్టివే. శరీరం వచ్చి తగిలే దెబ్బకూ, ఇలాంటి గట్టి వస్తువు చిన్న చోట తగిలే దెబ్బకూ తేడా ఉంది. రెండో దానికి లోపల గట్టి పొర ఉన్న రెండు పొరల గార్డ్ బాగా పనిచేస్తుంది. అంతర్జాతీయ హాకీ నియమాలు ఆటగాళ్లకు నోటి రక్షణను సిఫార్సు చేస్తాయే తప్ప బలవంతం చేయవు. క్రికెట్‌లో హెల్మెట్ లేకుండా బౌలింగ్, ఫీల్డింగ్ చేసేవాళ్లకు, ముఖ్యంగా గుంటలు పడ్డ గ్రౌండ్లలో ఆడే పిల్లలకు దీని అవసరం ఉంది. కానీ క్రికెట్ ఆడే పిల్లలు గార్డ్ పెట్టుకోవడం ఎక్కడో గానీ కనిపించదు. బాస్కెట్‌బాల్‌లో మోచేతి దెబ్బలు మామూలే. అక్కడ అమెరికా స్టార్ ఆటగాడు స్టెఫెన్ కర్రీ గార్డ్ నములుతూ, సగం బయటికి వేలాడదీస్తూ టీవీలో కనిపిస్తాడు. చూసే పిల్లలకు అది స్టైల్. పళ్ల మీద లేని క్షణంలో గార్డ్ చేసే పనేమీ ఉండదు, నమలడం వల్ల అది తొందరగా పల్చబడుతుంది కూడా.

క్లిప్పులు వేసుకున్న పిల్లలు, రాత్రి గార్డులు

పళ్లకు క్లిప్పులు ఉన్న పిల్లలకు మామూలు వేడినీళ్ల రకం వాడకూడదు. మెత్తబడిన పదార్థం తీగల మధ్యకు వెళ్లి గట్టిపడితే గార్డుతో పాటు క్లిప్పు కూడా ఊడొస్తుంది. పైగా పళ్లు జరుగుతున్న సమయంలో ఇవాళ వేసిన అచ్చు రేపు అడ్డుపడుతుంది. వీళ్ల కోసం ముందు భాగంలో గాడి ఉన్న సిలికాన్ గార్డులు వేరే దొరుకుతాయి. క్లిప్పులు వేసిన డాక్టర్‌నే అడిగి తీసుకోవాలి. క్లిప్పులు ఉన్నవాళ్లకు గార్డ్ అవసరం ఎక్కువే. దెబ్బ తగిలితే ఆ తీగలు పెదవి లోపలి భాగాన్ని గీరేస్తాయి.

ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య పాలపళ్లు ఊడుతూ, కొత్తవి వస్తూ ఉంటాయి. ఈ వయసులో ఎంత ఖరీదైన గార్డ్ అయినా కొన్ని నెలలకే బిగుతవుతుంది. అందుకే ఈ దశలో వేడినీళ్ల రకం కొని, తరచూ మార్చడమే చాలా కుటుంబాలకు తెలివైన లెక్క. వేలు పెట్టి చేయించడం శాశ్వత పళ్లు స్థిరపడ్డాక.

రాత్రిళ్లు పళ్లు కొరికేవాళ్లకు ఇచ్చే నైట్ గార్డ్‌ను ఆటకు పెట్టుకోవడం ఇంకో పొరపాటు. వాటిలో చాలావరకు గట్టి ప్లాస్టిక్‌వి. అరుగుదలను ఆపడానికి చేసినవి, బంతి తగిలితే పగిలి నోట్లోనే ముక్కలవచ్చు. పళ్లు సరిచేయడానికి వాడే పారదర్శక అలైనర్లూ అంతే, వాటి మందం మిల్లీమీటరు కూడా ఉండదు.

మెదడు సంగతి

తలకు తగిలే దెబ్బల వల్ల వచ్చే కంకషన్‌ను గార్డ్ ఆపుతుందన్న ప్రకటనలను జాగ్రత్తగా చదవాలి. కంకషన్‌లో మెదడు పుర్రె లోపల కుదుపుకు గురవుతుంది. పళ్ల మీద మెత్తని పొర ఉన్నంత మాత్రాన తల తిరగడం, ఊగడం ఆగవు. ఐస్ హాకీలో గార్డ్ వాడేవాళ్లకు కంకషన్లు తక్కువని కొన్ని ఆధారాలు ఉన్నాయి. మిగతా ఆటల్లో అలాంటి గట్టి ఆధారం లేదు. పళ్ల కోసం కొంటే న్యాయం, మెదడు కోసమని ఎక్కువ ధర పెట్టడం అనవసరం.

రగ్బీలో వార్తల్లోకి వచ్చిన స్మార్ట్ మౌత్ గార్డులు కొలిచే పరికరాలు. వాటిలోని సెన్సర్లు తల ఎంత వేగంగా కుదుపుకు గురైందో లెక్కగట్టి మైదానం బయట ఉన్న వైద్యులకు పంపుతాయి. 2024 జనవరి నుంచి ప్రపంచ రగ్బీ సంస్థ పెద్ద స్థాయి పోటీల్లో వీటిని తల గాయాల పరీక్షలో భాగం చేసింది. పళ్లకే గార్డ్ ఎందుకంటే, పై పళ్లు పుర్రెకు బిగిసి ఉంటాయి. చర్మం మీద అంటించిన సెన్సర్ జారుతుంది, పంటి మీదిది తలతో పాటే కదులుతుంది. అమెచ్యూర్ ఆటగాడికి వీటితో ప్రస్తుతానికి పనిలేదు.

ఎండ, పెట్టె, పాత గార్డ్

మే నెలలో స్కూటీ డిక్కీలో వదిలేసిన గార్డ్ సాయంత్రం ప్రాక్టీసుకు తీసేసరికి ఆకారం సడలి ఉంటుంది. వేడికి మెత్తబడే పదార్థం నీళ్ల వేడికీ ఎండ వేడికీ తేడా చూడదు. కారు డ్యాష్‌బోర్డు మీదా అంతే. గాలి రంధ్రాలున్న పెట్టెలో, నీడలో ఉంచాలి. వాడాక చల్లనీళ్లతో, మెత్తని బ్రష్షు, కొంచెం సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. తడిగా మూసిపెడితే బూజు, బాక్టీరియా పెరుగుతాయి. అంచులు చీలినా, కొరికిన గుర్తులు లోతుగా పడినా, వదులైనా మార్చాల్సిందే. ఇంకొకరి గార్డ్‌ను కడిగి వాడుకోవడం శుభ్రత రీత్యానే కాదు, అచ్చు రీత్యా కూడా కుదరదు.

గార్డ్ ఉన్నా లేకపోయినా ఒక్కోసారి పన్ను వేరుతో సహా ఊడి వచ్చేస్తుంది. అప్పుడు మొదటి కొన్ని నిమిషాలు కీలకం. పన్నును తెల్లగా కనిపించే పైభాగం దగ్గరే పట్టుకోవాలి, వేరును ముట్టుకోకూడదు, రుద్దకూడదు. మట్టి ఉంటే కొన్ని సెకన్లు కడిగి, వీలైతే వెంటనే అదే గుంతలో పెట్టి రుమాలు కొరికి పట్టుకోమనాలి. అలా పెట్టడం చేతకాకపోతే చల్లటి పాలలో వేసి డెంటిస్ట్ దగ్గరికి పరుగెత్తాలి. గ్రౌండ్ పక్కన టీ కొట్టు ఉంటే పాలు అక్కడే దొరుకుతాయి, కాకపోతే కాచి వేడిగా ఉన్నవి వాడకూడదు. రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుంటే వేరు మీది సజీవ కణాలు ఎండిపోతాయి, గంట దాటితే పన్ను మళ్లీ అతుక్కునే అవకాశం బాగా తగ్గిపోతుంది. ఇదంతా శాశ్వత పళ్లకే. ఊడింది పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు, లోపల ఎదుగుతున్న శాశ్వత పన్ను మొలకకు దెబ్బ తగులుతుంది.